పని నేర్చుకొన్నవాడు వెళ్లిపోయినయెడల



గడచిన వర్షాకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, చాపలు చుట్టి మూలబెట్టువరకు మన సంఘపు యౌవనస్థుడొకడు గుమ్మమునొద్ద నిలిచియుండెను. ఇతడు పట్టణములో చిన్న డిజైను దుకాణము నడుపుచున్నాడు. తండ్రి కుంచెతో బోర్డులు వ్రాసి కుటుంబమును పోషించెను. కుమారుడు కంప్యూటరుమీద పెండ్లి శుభలేఖలు, దుకాణముల ఫ్లెక్సీలు, క్యాలెండర్లు, మన సువార్త కూటముల కరపత్రములు తీర్చుచున్నాడు. అతనియొద్ద అయిదుగురు పని చేయుచున్నారు. వారిలో ఒక అమ్మాయి పనితనము మంచిదని వచ్చినవారు ఆమెనే అడిగి మరీ పని ఇత్తురట.

"అయ్యగారూ, ఆ అమ్మాయిని హైదరాబాదులో రెండు నెలల శిక్షణకు పంపమని నా స్నేహితుడు చెబుతున్నాడు. బొమ్మలు గీయడం కాదు. పని నలుగురికి పంచడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం, ధర కట్టడం, చిన్నవాళ్లకు నేర్పడం, ఇవీ అక్కడ నేర్పేవి. ఫీజు ఇరవై అయిదు వేలు. రెండు నెలల జీతం వేరే. అంతా నేర్చుకొని వచ్చి నా ఎదురుగానే దుకాణం పెట్టుకుంటే నా గతేమిటండీ?" అని అడిగెను.

"ప్రార్థన చేసి చెప్పెదను నాయనా" అంటిని. పాస్టరునకు మాట తోచనప్పుడు ఇట్లే చెప్పునని మీకు తెలియని సంగతి కాదు.

మాట తోచకపోవుటకు కారణము కలదు. ఏడేండ్ల క్రిందట నేను ఒక చిన్నవానిని సండే స్కూలు నడుపుటకు సిద్ధపరచితిని. రెండేండ్లు సాయంకాలములందు లాంతరు ముందర కూర్చుండబెట్టుకొని పాఠము ఎట్లు చెప్పవలెనో, అల్లరి పిల్లలను ఎట్లు దగ్గరకు తీయవలెనో నేర్పితిని. అతడు చక్కగా తయారైన సంవత్సరమే ఉద్యోగము దొరికి వేరొక ఊరికి వెళ్లిపోయెను. అక్కడి సంఘములో ఇప్పుడు నూరుమంది పిల్లలకు బోధించుచున్నాడు. సంతోషింపవలసిన నేను ఆరు నెలలు అతని ఫోనునకు సరిగా మాటలాడలేదు. ప్రభువు పని ఎక్కడ జరిగినను ఒక్కటే అని బల్ల గుద్ది ప్రసంగించువాడను నేనే.

కాబట్టి దుకాణము పెట్టుకొన్నవాని భయమును చూచి నవ్వుటకు నాకు హక్కు లేదు. వేలమంది పని చేయు కంపెనీలో ఒకరు వెళ్లిన తెలియనే తెలియదు. అయిదుగురున్న చోట ఒకరు వెళ్లినయెడల అయిదవ వంతు చేతులు పోయినట్లు. ఆ ఇరువది అయిదు వేలు అతని పిల్లవాని బడి ఫీజు కూడ కావచ్చును. లాభము వచ్చునా అని అతడు అడుగుట లోభము కాదు, లెక్క. అయితే లాభము వచ్చునా అను ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. పనివాడు మనకు అద్దెకు దొరికిన రెండు చేతులేనా? అతనిలోని వరము కొంతకాలము మన కాపుదలకు అప్పగింపబడినదా?

నిర్గమకాండము 31, 35 అధ్యాయములు తీసి చూడుడి. ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలు, అహోలీయాబు పేరుపెట్టి పిలువబడిరి. ఒకడు లోహమును, రాతిని, కఱ్ఱను పని పట్టువాడు, ఒకడు బుటాపనివాడు. మన కాలపు మాటలో చెప్పవలెనన్న వీరు డిజైను పనివారే. 35వ అధ్యాయము 34వ వచనమును నేను చాలసారులు దాటిపోయితిని. నైపుణ్యము ఇచ్చిన దేవుడే ఇతరులకు నేర్పు మనస్సును కూడ ఇచ్చెనని అచ్చట ఉన్నది. ఎందుకనగా గుడారము ఒకచోట పాతి విడిచిపెట్టునది కాదు. అరణ్యములో ఏండ్ల తరబడి విప్పి, మోసి, మరల కట్టిన తెరలు చిరుగకుండునా? బెసలేలు తన నేర్పును గుప్పిట పట్టుకొని చనిపోయియుండినయెడల ఆ చిరుగులు కుట్టువారెవరు?

ఇంగ్లండు దేశపు సంగతి ఒకటి కూడ చెప్పెదను. సెమినరీలో చదువుకొనుచున్న దినములలో, తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసునొద్దకు వచ్చిన నేతచిత్రమును ఒక పుస్తకములో చూచితిని. కాళ్లక్రింద పూలు, వెనుక పచ్చని చెట్లు. అది దారపు కండెలతో నేసినదని చాలసేపు నమ్మలేకపోతిని. దాని కథ తరువాత తెలిసికొంటిని.

విలియం మారిస్ అను ఆయన 1861 లో స్నేహితులతో కలిసి లండనులో ఒక చిన్న సంస్థ పెట్టెను. దేవాలయపు కిటికీలకు రంగుటద్దములు, గోడకాగితములు, అద్దకపు బట్టలు, తివాచీలు వారి పని. 1875 లో అది ఆయన ఒక్కని చేతికి వచ్చెను. పని తెలియక పెత్తనము చేయువాడు కాడు. అద్దకము నేర్చుకొనుటకు లీక్ అను ఊరికి వెళ్లి రంగు తొట్లలో చేతులు ముంచి నీలి చేసికొనెను. 1879 లో తన పడకగదిలోనే మగ్గము వేయించుకొని, తెల్లవారుజామున లేచి, మొదటి నేతచిత్రమును తానే నేసెను. దానికి 516 గంటలు పట్టినట్లు లెక్క వ్రాసికొనెను.

అంతకు ముందటి సంవత్సరము, 1878 లో, జాన్ హెన్రీ డియర్ల్ అను కుఱ్ఱవాడు ఆయన దుకాణములో సరకు చూపించు సహాయకుడుగా చేరెను. వయస్సు ఇరువది నిండలేదు. ఆ కుఱ్ఱవాడు దుకాణములో బట్టలు మడత పెట్టుచునే ముసలివాడైయుండినను ఎవరును తప్పు పట్టరు. మారిస్ అతనిని పిలిచి మగ్గమునొద్ద కూర్చుండబెట్టెను. ఆ నేతలో నేయువాడు పడుగు వెనుక కూర్చుండును. ముందువైపు బొమ్మ ఎట్లు వచ్చుచున్నదో ఎదుట పెట్టిన అద్దములో చూచుకొనవలెను. అట్టి విద్య చెప్పగా విన్నంతమాత్రమున వచ్చునది కాదు. ప్రక్కన కూర్చున్నవాడు ఓపికగా ఉండవలెను, దారము పాడైనను సహింపవలెను. కొంతకాలమునకు డియర్ల్ తానే చిన్నవారికి మగ్గము నేర్పువాడయ్యెను. 1881 లో కార్ఖానా మెర్టన్ ఆబీకి మారెను. 1887 నాటికి అతడు స్వంతముగా నమూనాలు గీయుచుండెను. నేను చూచిన జ్ఞానుల చిత్రము 1890 లో ఆక్స్‌ఫర్డులోని ఎక్సెటర్ కళాశాల దేవాలయమునకై ముగించినది. మనుష్యుల రూపములు గీసినవాడు బర్న్-జోన్స్. పూలు, ఆకులు తీర్చినవారు మారిస్, ఆయనతోపాటు ఒకప్పటి ఆ దుకాణపు కుఱ్ఱవాడు.

1896 అక్టోబరు 3 న మారిస్ మరణించెను. మగ్గములు ఆగలేదు. డియర్ల్ కళావిభాగమునకు పెద్దయై 1932 లో తాను మరణించువరకు పని నడిపెను. సంస్థ 1940 వరకు నిలిచెను.

ఇక్కడ ఆపివేసి, చూడుము, నేర్చినవాడు వెళ్లిపోలేదు గదా అని మన దుకాణదారునితో చెప్పినయెడల నేను సగము సత్యమే చెప్పినవాడనగుదును. డియర్ల్ ఉండెను, మరియొకడు ఉండకపోవచ్చును. ఇంకొక సంగతి కూడ కలదు. డియర్ల్ గీసిన నమూనాలు కొన్నిటిని జనులు బహుకాలము మారిస్ గీసినవే అనుకొనిరి. చేయి అంతగా కలిసెను. దుకాణము మీద పేరు కూడ మారిస్‌దే. విద్య అందెను, అధికారము అందెను, పేరు మాత్రము ఆలస్యముగా అందెను. దీనికి మారిస్‌ను నేను నిందింపను. చిన్న దుకాణములో పేరే ఆస్తి గనుక దానిని పంచుట అందరికిని కష్టమే.

వారము తరువాత ఆ యౌవనస్థునికి ఈ కథ చెప్పి, ఫీజు కట్టుట ఇందులో తేలికయైన భాగమని చెప్పితిని. రెండు నెలలు పంపి, తిరిగి వచ్చిన తరువాత ప్రతి రంగునకు, ప్రతి రూపాయికి యజమానినే అడుగవలెనన్నయెడల ఆ సొమ్ము చెరువులో వేసినట్లే. ధర ఆమెనే కట్టనీయవలెను. తక్కువ కట్టి నష్టము తెచ్చినయెడల దానిని కూడ ఫీజు పద్దులోనే వ్రాసికొనవలెను.

"సరేనండీ, వెళ్లిపోతే?" అని మరల అదే ప్రశ్న.

అపొస్తలుల కార్యములు తీసితిమి. సౌలును తార్సునుండి వెదకి తెచ్చినవాడు బర్నబా. అంతియొకయలో సంవత్సరమంతయు తన ప్రక్కన నిలువబెట్టుకొనెను. 13వ అధ్యాయము మొదట బర్నబా పేరు ముందున్నది, సౌలు పేరు చివర. ఆ అధ్యాయము ముగియకమునుపే పౌలు పేరు ముందుకు వచ్చెను. అప్పుడు బర్నబా మనస్సులో ఏమున్నదో లూకా వ్రాయలేదు. 15వ అధ్యాయములో ఇద్దరికిని తీవ్రమైన వాదము కలిగి వేరైపోయిరి. తాను చేయిపట్టి తెచ్చినవాడు తనను విడిచి వేరొక త్రోవను వెళ్లెను. బర్నబా ఇంటికి వచ్చి తలుపు వేసికొనలేదు. ఎవరికిని పనికిరాడనిపించుకొన్న మార్కును వెంటబెట్టుకొని ఓడ ఎక్కెను. నేను ఆరు నెలలు ముఖము మాడ్చుకొని కూర్చున్న సంగతి అప్పుడే అతనికి చెప్పితిని. అతడు నవ్వెను, నాకు నవ్వు రాలేదు.

అమ్మాయిని పంపెను. ఆమె తిరిగి వచ్చిన నెలలోనే ఒక పాఠశాల వారి పనికి ధర తక్కువ కట్టి దుకాణమునకు నష్టము తెచ్చెను. ఆ సాయంకాలము అతడు నాయొద్దకు వచ్చి అరగంట మాటలాడక కూర్చుండి, టీ త్రాగి వెళ్లెను. ఆమెను ఏమియు అనలేదని తరువాత తెలిసెను.

జనవరిలో మన సంఘమునకు క్యాలెండరు తెచ్చి ఇచ్చెను. అది మా ఇంటి గోడకు వ్రేలాడుచున్నది. అడుగున దుకాణము పేరు ఎప్పటివలెనే పెద్ద అక్షరములతో ఉన్నది. దానిక్రింద చిన్న అక్షరములతో ఆమె పేరు. ఆ పంక్తిని రెండుసారులు చెరిపి మూడవసారి ఉంచితినని అతడే చెప్పెను. విజయవాడలో పెద్ద సంస్థవారు ఆమెను రమ్మని అడుగుచున్నారట. ఆమె ఇంకను జవాబు చెప్పలేదు. మొన్న అతడు వచ్చినప్పుడు ఆ మాట ఎత్తుదునేమో అనుకొంటిని. అతడు మాత్రము ఫ్లెక్సీలు కత్తిరించు కుఱ్ఱవానిని గూర్చి మాటలాడుచు, హైదరాబాదు శిక్షణకు దరఖాస్తు ఇంగ్లీషులోనే వ్రాయవలెనా, తెలుగులో వ్రాసినను చెల్లునా అని అడిగెను.