దారిలో దిగే ఊళ్లు

సికింద్రాబాద్‌లో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగేవాళ్లం, విజయనగరాన్ని కిటికీలోంచే చూసి వదిలేస్తాం. దిగి చూడండి. 500 కిలోమీటర్లు దాటిన మామూలు టికెట్టుకు, ఆ 500 గడిచాక దారిలో ఒకచోట రెండు రోజులు ఆగే వీలు రైల్వే నిబంధనల్లోనే ఉంది. రాజధాని, శతాబ్ది లాంటి రైళ్లకు అది లేదు. రిజర్వేషన్ చేయించేటప్పుడే కౌంటర్లో ఆ మాట చెప్పాలి.

విజయనగరంలో కోట, గంటస్తంభం, గురజాడ వారి ఇల్లు ఉన్నాయి. నాకైతే అన్నిటికంటే సంగీత కళాశాల ముందు నిలబడటమే ఇష్టం. 1919లో మొదలైన ఆ బడికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఉదయం పూట వెళ్తే సాధన వినబడవచ్చు. తొందరపడకండి.

మర్నాడు విడిగా టికెట్టు తీసుకుని ప్యాసింజర్‌లో పొందూరు వెళ్లిరండి. అక్కడి సన్నఖాదీ కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. చేతివేళ్లతో చేసే ఆ పని కళ్లారా చూశాక, బట్టకు బేరమాడటానికి మనసొప్పదు.

ఇక శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం ఊళ్లోకి బస్సు ఎక్కాలి. అరసవల్లి సూర్యదేవాలయం, కూర్మావతారం కొలువైన శ్రీకూర్మం రెండూ దగ్గరే. పెద్దవాళ్లు వెంట ఉంటే రోజుకొకటి చాలు.