ముసలితనానికి ఏ ముల్కు?

మా తాయా కొడుకు, మేమంతా భాయ్‌జాన్ అని పిలిచే మనిషి, పోయిన రంజాన్ నెలలో జిద్దా నుంచి వచ్చేశాడు. ఈసారి సెలవు మీద కాదు. పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర వేయించుకుని వచ్చాడు. 1989లో ఇరవయ్యారేళ్ల పిల్లగాడిగా పోయినవాడు, గడ్డం నెరిసి, షుగర్ తెచ్చుకుని, రెండు సూట్‌కేసులతో దిగాడు.

ఇఫ్తార్ అయ్యాక, తరావీహ్‌కు పోయేముందు, ఒక డైరీ నా ముందు పెట్టాడు. గీతలు కొట్టి గడులు చేసుకున్నాడు. ఒక పక్కన పేర్లు: దుబాయ్, మలేషియా, తుర్కీ, సౌదీ. పైన వరసగా ఖర్చు, వీసా, దవాఖానా, మసీదు, హవా.

"నువ్వు అఖ్బార్‌వాడివి. ఈ కాగితాలన్నీ చదివి చెప్పు మియాఁ. బుఢాపా ఏ ముల్కుల గడిపితే బాగుంటది?" అన్నాడు.

డైరీ తిరగేశాను. అందులో హైదరాబాద్ లేదు. టోలీచౌకిలో అతను కట్టుకున్న ఇల్లుంది. నల్లగొండ ఖబరస్తాన్‌లో మా తాయా అబ్బా ఉన్నాడు. మరి మన ఊరి పేరెందుకు లేదు భాయ్‌జాన్ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అది కూడా నువ్వే చెప్పాలె" అని టోపీ తీసుకుని మసీదుకు వెళ్లిపోయాడు.

ఈ వ్యాసం అతనికి నేను బాకీపడ్డ జవాబు. అతనొక్కడికే చెబితే సరిపోదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు పేర్ల సంగతి. దుబాయ్ 2020 సెప్టెంబర్‌లో రిటైరైనవాళ్ల కోసం అయిదేళ్ల వీసా ప్రకటించింది. వయసు 55 దాటాలి. నెలకు 20 వేల దిర్హమ్‌ల రాబడో, 10 లక్షల దిర్హమ్‌ల పొదుపో, 20 లక్షల దిర్హమ్‌ల ఆస్తో చూపించాలన్నారు అప్పుడు. మలేషియా 2002 నుంచే బయటివాళ్లను రమ్మంటోంది. 2021లో మాత్రం నెల రాబడి షరతును 10 వేల రింగిట్ల నుంచి ఒక్కసారిగా 40 వేలకు పెంచింది. తుర్కీలో 2018లో రెండున్నర లక్షల డాలర్ల ఇల్లు కొంటే పౌరసత్వమే ఇస్తామన్నారు. 2022లో ఆ ధరను నాలుగు లక్షలు చేశారు. ఇక సౌదీ. 2019లో అక్కడ కఫీల్ లేకుండా ఉండే కొత్త ఇఖామా పెట్టారు. శాశ్వతంగా కావాలంటే 8 లక్షల రియాళ్లు, ఏడాదికైతే లక్ష.

నాలుగూ ముస్లిం దేశాలే. కానీ నాలుగింట్లో ఒక్కటీ నువ్వు ముస్లిమువా, నమాజు చదువుతావా అని అడగలేదు. బ్యాంకు కాగితాలు చూపించమంది. చిన్నప్పటి నుంచి జుమ్మా ఖుత్బాలో ఉమ్మత్ అంతా ఒకటేనని వింటూ పెరిగాం. ఆ ఉమ్మత్ గుమ్మానికి ధరల పట్టీ వేలాడుతోంది. ఇది ఆ దేశాల మీద కోపంతో అంటున్నది కాదు. వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. మనమే ఆ లెక్కను మొహబ్బత్ అనుకున్నాం.

భాయ్‌జాన్ ముప్పై అయిదేళ్లకు పైగా ఆ నేల మీద బతికాడు. ఆ నేల అతన్ని ఒక్కరోజు కూడా తనవాడనుకోలేదు. 2017 జులై నుంచి వెంట ఉన్న కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు కట్టమన్నారు. ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేశారు. 2018లోనే భాభీనీ పిల్లల్నీ ఇక్కడికి పంపేసి, ఒక గదిలో నలుగురితో కలిసి ఉన్నాడు. అక్కడి పింఛను అక్కడివాళ్లకే. బయటివాడికి దక్కేది సర్వీసు లెక్క: మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. అది తీసుకుని, ఖురూజ్ కొట్టించుకుని వచ్చేయాలి. వయసంతా ఒక దేశానికిచ్చి, ముసలితనాన్ని ఇంకో దేశానికి మోసుకురావాలి. ఇందులో న్యాయం ఎక్కడుందని అడిగేవాడే లేడు. అడగాల్సినవాడి ఇఖామా కఫీల్ చేతిలో ఉండె.

అయినా భాయ్‌జాన్‌కు ఒక డైరీ ఉంది. అందులో నాలుగు పేర్లున్నాయి. డైరీయే లేనివాళ్ల మాటేమిటి?

కొన్నేళ్ల కింద పేపరు పని మీద కడప జిల్లా పోయాను. రాయచోటి దగ్గర ఒక పల్లెలో ఒక దూదేకుల తల్లి ఇంటికి వెళ్లాను. ఇరవై రెండేళ్లు కువైట్‌లో ఖద్దామాగా చేసింది. అంటే ఇంటి పనిమనిషి. ఆమె డబ్బులతో ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లయినయి, మేడ లేచింది. ఆమె మోకాళ్లు మాత్రం పోయినయి. "అక్కడ మోకాళ్లు తుడిచి తుడిచి పోయినాయి నాయనా. పనికి రానని పంపేసినారు" అంది. ఆమెను ముసలితనం ఏ దేశంలో గడుపుతావని ఎవరూ అడగలేదు. 2021 నుంచి కువైట్ డిగ్రీ లేని, అరవై దాటిన విదేశీ కార్మికుల పర్మిట్లు పొడిగించడం ఆపింది. మరుసటి ఏడాది పెద్ద ఫీజు, ఇన్సూరెన్సు కట్టించుకుని మళ్లీ ఒప్పుకుంది. చదువు లేకపోవడం, ముసలితనం రావడం, ఈ రెండూ కలిస్తే నేరమన్న మాట. మన ప్రభుత్వమేమన్నా తక్కువ తిన్నదా? ఇట్లాంటి కార్మికుల కోసం 2012లో ఒక పింఛను పథకం పెట్టి, 2017లో మూసేసింది. వాళ్లు పంపే సొమ్ము మాత్రం అందరికీ ముద్దే.

కాబట్టి ఏ దేశంలో ముసలివాళ్లమవుదాం అన్నది మొదట డబ్బున్నవాడి ప్రశ్న. ఆ తల్లి సంగతి మరిచిపోయి దీన్ని చర్చిస్తే అది చర్చే కాదు.

కానీ ముస్లిం నోట ఈ ప్రశ్న వచ్చేసరికి దానికి ఇంకో ముల్లు మొలుస్తుంది. మా కాలనీలో ఒక తెలుగు మాస్టారుండేవారు. రిటైరై అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు, గ్రీన్ కార్డు వచ్చింది. పోయేముందు వినాయక చవితి పందిట్లో శాలువా కప్పారు. అదృష్టవంతుడన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. మంచి మనిషి, సుఖంగా ఉండాలి. రేపు భాయ్‌జాన్ దుబాయ్ పోతే ఏమంటారో నాకు తెలుసు. మా పేపరు ఆఫీసులోనే ఒకాయన టీ తాగుతూ నవ్వుతూ అన్నాడు: "పోనీలే, వాళ్ల మనసెప్పుడూ అక్కడే కదా." ఒకే పని. మాస్టారు చేస్తే కొడుకు మీద ప్రేమ. మావాడు చేస్తే దేశం మీద ప్రేమ లేకపోవడం.

మాకు ఎంచుకోవడం అంటేనే భయం. ఎందుకో మా ఇంటి కథ చెబుతాను. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత మా తాత, ఆయన తమ్ముడు ఇద్దరూ నల్లగొండ విడిచి పారిపోయారు. తాత హైదరాబాద్ దాకా వచ్చి ఆగిపోయాడు. జేబులో డబ్బులు అంతవరకే ఉన్నాయి. తమ్ముడు ఎట్లనో బొంబాయి చేరి, ఓడెక్కి కరాచీలో తేలాడు. ఈనాటికీ కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక బస్తీ ఉంది. అక్కడే చనిపోయాడు. తాతను దేశభక్తుడనీ చిన్న తాతను ద్రోహి అనీ అనడానికి ఇద్దరి మధ్య ఉన్న తేడా రైలు చార్జీ. కానీ చట్టం దాన్ని ఎంపిక అంటుంది. ఒకసారి పాకిస్తాన్ పౌరుడైనవాడి పిల్లలకే కాదు, మనవళ్లకూ మునిమనవళ్లకూ మన ఓసీఐ కార్డు దొరకదు. ఆ దేశం పోయినవాళ్ల ఆస్తి శత్రువుల ఆస్తి. 2017 సవరణతో, ఇక్కడే పుట్టి ఇక్కడి పౌరుడిగా బతుకుతున్న వారసుడికి కూడా దాని మీద హక్కు లేకుండా పోయింది. ఒక మనిషి ఒక్కసారి వేసిన అడుగుకు నాలుగు తరాలు సంజాయిషీ ఇవ్వాలి. అందుకే మాలో చాలామంది ఏమీ ఎంచుకోనట్టే బతుకుతారు.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధం. సౌదీ డబ్బుతో పాటు మేం చాలా మోసుకొచ్చాం. పీర్ల పండక్కి ఊరంతా కలిసి అలావా చుట్టూ ఆడేది. అది షిర్కు అన్నాం. దర్గాకు కొబ్బరికాయ తెచ్చే పక్కింటి యాదమ్మను చూసి మొహం తిప్పుకున్నాం. చీర కట్టుకుని జీవితమంతా నమాజు చదివిన మా నానీమాను చూసి, ఆమె ఇస్లాం అసలైంది కాదన్నట్టు మాట్లాడాం. మమ్మల్ని తనవాళ్లనుకోని దేశాన్ని చూసి, మమ్మల్ని తనవాళ్లనుకున్న ఊరిని చిన్నచూపు చూశాం. భాయ్‌జాన్ డైరీలో హైదరాబాద్ లేకపోవడానికి ఇదీ ఒక కారణమే.

నేనేం తక్కువ కాదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టాన్ని సవరించినప్పుడు మా ఇంట్లో ఇనప్పెట్టె తెరిచి కాగితాలన్నీ నేల మీద పరిచాం. అబ్బా పేరు ఒక దాంట్లో మహమ్మద్, ఒక దాంట్లో ఎం.డి., ఒక దాంట్లో ఎండీ. అమ్మీ పుట్టిన తారీఖు ఎక్కడా లేదు. ఆ వారమే ధర్నాచౌక్‌లో నిలబడి ఈ మట్టి మాది అని అరిచాను. ఆ వారమే రాత్రి ఆఫీసు కంప్యూటర్లో కెనడా పోవడానికి నాకెన్ని పాయింట్లొస్తాయో లెక్క చూసుకున్నాను. రెండూ నేనే. దేన్నీ దాచుకోను.

అందుకే భాయ్‌జాన్‌తో 'పుట్టిన గడ్డ, ఇక్కడే ఉండు' అని సులువుగా అనలేను. పుట్టిన గడ్డ మాట మా ప్రవక్త (స) జీవితానికే సరిపోదు. ఆయన పుట్టింది మక్కాలో. తరిమితే 622లో మదీనా వెళ్లారు. 630లో మక్కా మళ్లీ చేతికొచ్చింది. ఇక ఆయన సొంతూళ్లోనే ఉండిపోతారేమోనని మదీనా అన్సార్లు దిగులుపడ్డారు. ఆయన మదీనాకే తిరిగి వెళ్లారు. కష్టంలో పక్కన నిలబడినవాళ్ల మధ్యే చివరి రోజులు గడిపి, 632లో అక్కడే మట్టిలో కలిశారు.

మన బార్కస్‌నే చూడండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో జీతానికొచ్చిన అరబ్బుల బస్తీ అది. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. 1948 తర్వాత వాళ్లలో కొందరిని తిప్పి పంపేశారు. మిగిలినవాళ్లు జాంతోటలు వేశారు, పిల్లల్ని కన్నారు, ఖబర్లు తవ్వుకున్నారు, దక్కనీలో తిట్టుకోవడం నేర్చుకున్నారు. ఇవాళ బార్కస్ జాంపండు హైదరాబాద్ జాంపండే. వాళ్లెవరూ డైరీలో గడులు గీసుకుని ఈ దేశాన్ని ఎంచుకోలేదు. ఇక్కడ కొట్లాడుకుంటూ ఇక్కడివాళ్లయ్యారు.

నాకు జవాబు అక్కడ దొరికింది. జిద్దాలో ఇన్నేళ్లు భాయ్‌జాన్ ఎవరితోనూ కొట్లాడలేదు. జీతం ఆలస్యమైనా, గది అద్దె పెంచినా, హాజిర్ అన్నాడు, సర్దుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు అట్లా బతకొచ్చు, చేతుల్లో పనుంటుంది. ముసలితనంలో పనుండదు. మందుల కోసం, దవాఖానాలో మంచం కోసం, బస్సులో సీటు కోసం, పింఛను కోసం నోరే ఆధారం. నేను అడుగుతున్నాను, నువ్వు జవాబు చెప్పాలె అనగలిగిన చోటే మనిషి ముసలివాడు కావాలి. అయిదేళ్లకోసారి వీసా పొడిగించుకునే ముసలాయన ఎవరితో కొట్లాడతాడు?

అయితే ఆ హక్కు ఇక్కడ క్షేమంగా ఉందా? లేదు. మోరీ పొంగిందని అడిగితే 'నచ్చకపోతే పాకిస్తాన్ పో' అనే గొంతులు పెరిగాయి. ఇల్లు అద్దెకు అడిగితే పేరు విని తలుపేస్తున్నారు. భాయ్‌జాన్ మౌనానికి అసలు అర్థం ఇదేనని నాకు తెలుసు. సొంతూళ్లో కూడా కఫీల్ కింద బతికినట్టు బతకాల్సి వస్తే, ఇక ఏ ఊరైతే ఏమిటన్నది అతని ప్రశ్న.

దీనికి నా జవాబు ఇది. భాయ్‌జాన్, మీ డైరీలో హైదరాబాద్ పేరు కూడా రాయండి. వఫాదారీ చూపించుకోవడానికి కాదు. మిగతా నాలుగింటిని కొలిచినట్టే దీన్నీ కొలవండి. ఖర్చు, దవాఖానా, మసీదు, హవా. ఇంకో గడి గీసి దాంట్లో భయం అని రాసి, ఎంతుందో అంత మార్కు తియ్యండి. మార్కులు తక్కువొస్తే సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఉంటే, ఉన్నందుకు శభాష్ అనిపించుకోకుండా ఉండండి. పోతే, మాస్టారు పోయినట్టు పోండి, శాలువా లేకపోయినా సరే. మాకు కావలసింది మా ఎంపిక చిన్నదిగా ఉండే దేశం. మోకాళ్ల నొప్పి చూసుకుని, కొడుకు జీతం చూసుకుని తీసుకున్న నిర్ణయాన్ని మోకాళ్ల నొప్పిగానే చూసే దేశం.

మీలో హిందూ మిత్రులున్నారు, ప్రజాతంత్రవాదులున్నారు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. రేపు మీ పక్కింటి ముస్లిం పెద్దాయన మోరీ గురించి వార్డు ఆఫీసులో గొంతు పెంచితే, ఆయన పక్కన నిలబడండి. ఆయన దేశభక్తి గురించి మాట్లాడకండి. మోరీ గురించి మాట్లాడండి.

భాయ్‌జాన్ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. దుబాయ్ కాగితాలు సూట్‌కేసులోనే ఉన్నాయి. మొన్న వెళ్తే డైరీ చూపించాడు. అయిదో పేరు రాశాడు, మార్కులు ఇంకా వేయలేదు. ఓటరు లిస్టులో పేరు లేదని పొద్దుననంగా ఆఫీసుకు పోయి గంటసేపు లొల్లి పెట్టుకుని వచ్చాడట. గొంతు బొంగురుపోయింది. భాభీ అల్లం చాయ్ పెట్టిస్తోంది. మళ్లీ సోమవారం రమ్మన్నారట. పోతానన్నాడు.