దాతకు పేరు కావలెనా?

నేడు మియన్మారని పిలువబడుచున్న బర్మాదేశమున, సాల్విన్ నదీతీరమున పా-ఆన్ అను పట్టణము గలదు. కరెన్ జాతివారి రాష్ట్రమునకు అది ముఖ్యపట్టణము. చుట్టును వరిచేలు, ఆ చేల నడుమ గోడలవలె నిటారుగ నిలిచిన సున్నపురాతి కొండలు. ఆ కొండల కడుపులో గుహలు, గుహలలో బుద్ధప్రతిమలు. నది దిగువకు సాగి మౌల్మీను వద్ద సముద్రమున గలియును. యానాము చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి పూర్వము మన తెలుగువారు చేరిన తీరములలో మౌల్మీను ఒకటి. ఆ రేవు పేరుననే బర్మావారు మనవారిని కోరంగీలని పిలిచిరి. కనుక ఆ గుహల ముచ్చట మనకు పరాయిది గాదు.

వానిలో కాగున్ గుహ మిక్కిలి ప్రాచీనమైనది. దాని రాతిగోడలపై చిన్న చిన్న మట్టి బుద్ధఫలకములు వేలకొలది వరుసలుగా అతుకబడియున్నవి. అచ్చులో మట్టినొత్తి ఇట్టి ఫలకములు చేయుట భారతదేశమునుండి అచటికి బోయిన ఆచారమే. ఒక్కొక్క ఫలకము వెనుక ఒక చేయి గలదు, ఒక మ్రొక్కు గలదు. కాని ఆ చేతులెవరివో నేడు చెప్పగలవారు లేరు. ఇందుకు భిన్నముగా, 11వ శతాబ్దమున పాగాను నేలిన అనిరుద్ధుడు తన ఫలకములపై, వానిని తన స్వహస్తములతో జేసినట్లు సంస్కృతమున వ్రాయించుకొనెను. మట్టి ఒక్కటే, మూర్తియు నొక్కటే. ఒకచో పేరు గలదు, మరియొకచో లేదు. ఈ రెంటిలో ఏది గొప్ప దానము?

ఇది పురాతత్త్వజ్ఞులకు విడిచిపెట్టదగిన ప్రశ్న గాదు. ఊరుగాని ఊరిలో స్థిరపడి, చందాలు పోగుచేసి, రామమందిరమో గ్రంథాలయమో కల్యాణమంటపమో కట్టుకొన్న ప్రతి తెలుగు కుటుంబమును ఈ ప్రశ్న ఎదుర్కొనియే యుండును. శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెను? కొద్ది మొత్తమిచ్చిన వారి పేర్లు చెక్కవలెనా, మానవలెనా? కట్టడము పూర్తియగుటకు ముందే ఈ తగవు పుట్టి, చిరకాల స్నేహములు చెడిన సందర్భములు మనమెరుగనివి గావు. కుడిచేతి దానము ఎడమచేతికి తెలియరాదని పెద్దలు చెప్పుదురు. అటులైన ఈ పేర్ల పలకలన్నియు అహంకార చిహ్నములేనా?

పా-ఆన్ చెంతనే సద్దాన్ అను పెద్ద గుహ యున్నది. యాత్రికులు పాదరక్షలు విడిచి ఒక ముఖమున ప్రవేశించి, చీకటిలో నడచి, రెండవ ముఖమున కొలనియొడ్డున వెలికి వత్తురు. సద్దానన్న పేరు ఛద్దంతుని పేరే. బోధిసత్త్వుడు ఆరు దంతముల గజరాజుగా జన్మించిన జాతకకథ అది. ఈ కథను మన అమరావతి శిల్పులు రాతిలో మలచిరి. అజంతా చిత్రకారులు గోడలపై వ్రాసిరి. పూర్వజన్మపు పగతో కాశీరాణి పంపిన వేటగాడు ఆ ఏనుగును విషపుటమ్ముతో గొట్టి, దంతములు కోయబోయి కోయజాలక నిలిచెను. అప్పుడు గజరాజు తానే రంపమును తొండమున బట్టి, దంతములు కోసి వానికిచ్చెను. ఇంద్రపదవిని గోరి ఇచ్చుట లేదనియు, ఈ దంతములకన్న జ్ఞానమే తనకు వేయిమడుగులు ప్రియమనియు చెప్పి ఇచ్చెను. అచట పొగడువాడు లేడు, పేరు చెక్కువాడు లేడు. ఎదుట నున్నవాడు తన్ను జంపినవాడే. దానమునకిది పరాకాష్ఠ.

ఈ కథతో ప్రశ్న తీరినదని తోచును. కాని ఆ అమరావతియే మనకు మరియొక మాట చెప్పుచున్నది. అచటి శాసనములలో నొకటి విధికుడను చర్మకారునిది. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడాతడు. పూర్ణఘటము చెక్కిన శిలాఫలకమును మహాచైత్యమునకు సమర్పించి తన పేరు వ్రాయించెను. ఆ పేరు లేకున్న, తోలుపని చేయువాడొకడు ఆ మహాచైత్యమున దాతయై నిలిచెనని మనకు తెలియకయే పోవును. తన పేరుతోపాటు తల్లిని, భార్యను, సోదరులను, కుమారుని, కుమార్తెలను, జ్ఞాతిమిత్రులను గూడ ఆతడు ఆ దానములో జేర్చెను. ఇట్టి పేరును అహంకారమనుటకు మనసొప్పునా? 'నేనే' యనుట వేరు, 'మేమును' అనుట వేరు.

ఈ భేదమును బర్మావారి ఆచారమొకటి స్పష్టపరచుచున్నది. వారును పగోడాల గోడలపై దాతల పేర్లు, మొత్తములు వ్రాయుదురు. కాని దానము చేసిన పిదప పాత్రలోనికి నీటిని బొట్టు బొట్టుగా వదలుచు, ఆ పుణ్యమును సర్వప్రాణులతో పంచుకొందురు. పాలుగొనుడని దాత ముమ్మారు పిలుచును. విన్నవారు 'సాధు' అని ముమ్మారు పలుకుదురు. ఇతరుని మేలు జూచి సంతసించిన వానికిని పుణ్యము గలదని బౌద్ధుల విశ్వాసము. ధారపోసి దానమిచ్చు మనకు ఈ నీటిబొట్టు క్రొత్తది గాదు. అచట దాత పేరు పొగడ్త కొరకు గాక, వినువానికి సాధువనుటకు ఒక అవకాశమిచ్చుటకై ఉన్నది. మన పలకలపై పేర్లను జూచి పొరుగువాడు సాధువనునా, లేక తన పేరు కానరాక తలదించుకొని పోవునా? పరీక్షించుకొనవలసినది ఇదియే.

మరియొక సంగతి గూడ మనమెరుగవలెను. 1942లో యుద్ధభయమున బర్మాను విడిచి కాలినడకన వచ్చిన మనవారు తాము కట్టిన గుడులను వెంట దెచ్చుకొనజాలరైరి. మనమున్న ఊళ్ళలోనో, గోడలపై తెలుగున జెక్కిన తాతల పేర్లను చదువలేని మనుమలు ఇప్పటికే పెరుగుచున్నారు. విధికుని లిపియు శతాబ్దములపాటు ఎవరికిని చదువరానిదై, 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి గుట్టు విప్పిన పిదపనే తిరిగి మాటాడినది. ఆ మౌనకాలమున ఆ పూర్ణఘటము సౌందర్యమేమియు తరుగలేదు.

కనుక పేరు వ్రాయించుట దోషము గాదు; పేరు చెరిగినను నిలుచు దానము చేయకుండుట దోషము. పలకపై చోటున్న యెడల ఇచ్చిన ప్రతివాని పేరును, కొద్దిగా ఇచ్చిన వానిదైనను, చెక్కింతము. చోటు లేకున్న అందరి పేర్లును మానుదము. మనుమలకు ఆ అక్షరములు నేర్పుదము. వారు చదువలేకపోయినను ఆ నీడన గూర్చుండి సుఖింతురేని, కాగున్ గుహలోని పేరులేని చేతులకు దక్కిన పుణ్యమే మనకును దక్కును.