సూతకము లేదు, శౌచము కలదు



మన ఇండ్లలోని యువతీయువకులు నేడు వైద్యము, నర్సింగు, ప్రజారోగ్యము అభ్యసించి, వరదలు, తుపానులు, అంటువ్యాధులు వచ్చినప్పుడు అందరికన్న ముందుగా వెళ్ళెడి ఉద్యోగములలో ప్రవేశించుచున్నారు. "రోగులను, శవములను తాకిన చేతితో ఇష్టలింగమును పూజింపవచ్చునా? వేళ తప్పిన పూజ పూజయగునా?" అని పెద్దలు శంకించుచుందురు. ఈ శంకలకు సమాధానము మన సంప్రదాయముననే కలదు.

జాతి, జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము అను ఐదు సూతకములను శరణమార్గము త్రోసిపుచ్చినది. లింగధారికి మైల లేదు. కనుక రోగి మలినుడు కాడు. మరణించినవాడు అపవిత్రుడు కాడు. వానిని మోసినవాడు మైలపడడు. కాని ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. సూతకము లేదనుట వేరు, క్రిమి లేదనుట వేరు. సూతకము మనస్సు కల్పించుకొన్నది. క్రిమి నీటిలోను, గాలిలోను, చేతిమీదను నిజముగా ఉండునది. మొదటిదానిని జ్ఞానముతో కడుగవలెను. రెండవదానిని సబ్బుతో కడుగవలెను.

2014 మొదలు 2016 వరకు పశ్చిమ ఆఫ్రికాలోని గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశములలో ఎబోలా వ్యాధి 11,000 మందికి పైగా బలిగొనెను. మృతదేహమును స్నానము చేయించి, చేతులతో తాకి సాగనంపుట అచ్చటి ఆచారము. ఆ స్పర్శ మూలముననే వ్యాధి ఇంటినుండి ఇంటికి ప్రాకెను. ముసుగులు ధరించిన సిబ్బంది వచ్చి శవములను కొనిపోగా, ఆత్మీయులు ఓర్వలేక రహస్యముగా పూడ్చిపెట్టిరి. వ్యాధి మరింత పెరిగెను. అంతట 2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్రైస్తవ, ముస్లిం మతసంస్థల వారితో కలిసి ఆలోచించి, సురక్షితమును గౌరవప్రదమును అయిన ఖననవిధానమును ప్రకటించెను. శవమును తాకకయే ప్రార్థన జరుపుటకును, నీరు లేకయే శుద్ధి చేయుటకును అందు వీలు కల్పించిరి. ఆచారమును నిందించి కాదు, దాని అంతరార్థమును నిలిపి ప్రాణములను కాచిరి.

మనమును భూస్థాపన చేయువారమే. దేహమును స్నానము చేయించి, విభూతి నలంది సాగనంపువారమే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కొన్నిచోట్ల బంధువులే శవమును స్వీకరించుటకు జంకిరి. శ్మశానమునకు దారి ఇయ్యనివారును కలరు. అది తొలగించుకొన్న సూతకము భయరూపమున మరల వచ్చుటయే. ఆ సంవత్సరము మార్చిలో భారత ప్రభుత్వము ఇచ్చిన సూచనలలో స్నానము, ఆలింగనము వలదనియు, తాకకుండ చేయదగిన మంత్రపఠనాదులు చేయవచ్చుననియు, ఆత్మీయులకు ముఖమును చూపవచ్చుననియు ఉండెను. దేహమును కడుగు నీరు ఆగినంత మాత్రమున లింగైక్యము ఆగునా?

ఇక పూజావేళ మాట. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేని జీవించిన శరణుడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడెను. ఆయన కాయకమును విడువక తన పనిని సాగించెనని కథ. జంగమసేవకై చేయు శ్రమ పూజకు తక్కువ కాదని దాని సారము. వరదనీటి నడుమ బావిలో క్లోరిను కలుపుచు సాయంపూజ తప్పిన బిడ్డను గద్దింపకుడు. ఆ బావియే నాటి పూజాస్థలము.

ఆయ్దక్కి మారయ్య నిత్యము కన్న మిన్నగా బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ వానిని తిరిగి పోసి రమ్మనెను. మందులు, అన్నపు పొట్లములు పంచువారు ఈ కథను మరువరాదు. అవసరమునకు మించి దాచిన మందు మరియొకరి ప్రాణము.

మఠాధిపతులకు ఒక విన్నపము. విపత్తు వచ్చినపిమ్మట కాదు, రాకముందే అంత్యక్రియలు జరుపు అయ్యవార్లను, ఆ ఊరి ఆరోగ్యసిబ్బందిని ఒకచోట కూర్చుండబెట్టుడు. ఏ క్రియ విడువదగినదో, ఏది విడువరానిదో నెమ్మదిగా నిర్ణయింపుడు. దుఃఖసమయమున వాదము తగదు.

తల్లులారా! సేవకు బయలుదేరు బిడ్డకు విభూతి పెట్టి పంపుడు. తిరిగి వచ్చినప్పుడు సబ్బు, నీళ్ళు గడపవద్దనే ఉంచుడు. ఆ రెండును మన ఆచారమే.