ఒత్తిన వేలు ఎవరిది?

“నేనేం ఒత్తల్యాప్పా, అదంతకదే వచ్చిండాది.”

కళ్యాణదుర్గంలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టినప్పటి నుంచి నేను ఎక్కువగా విన్న మాట ఇదే. చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నాకెన్నడూ అనిపించలేదు. అట్లని అది పూర్తిగా నిజమూ కాదు. చాలావరకు ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకసారి ‘నెక్స్ట్’ అనో ‘అలౌ’ అనో ఒత్తితేనే అది ఇంట్లోకి వస్తుంది. ఒత్తింది వాళ్ల వేలే. ఒత్తాలని మాత్రం వాళ్లు అనుకోలేదు. మరి ఆ పని చేసిందెవరు? స్క్రూడ్రైవర్ పట్టుకుని కూచునేవాడికి ఇంత వేదాంతం దేనికంటే, ఈ ప్రశ్న రోజూ నా బల్ల మీదికే వస్తుంది కాబట్టి.

జబ్బు పేరు బ్రౌజర్ హైజాకర్. క్రోమ్ తెరిస్తే గూగుల్ రాదు, ఎన్నడూ వినని పేరుతో ఇంకో వెతుకుడు పేజీ వస్తుంది. మార్చుకుంటే మళ్లీ అదే. మూలన ప్రకటనలు పొడుచుకొస్తాయి, లాటరీ తగిలిందంటాయి, వైరస్ చేరిందని భయపెడతాయి. చిత్రమేమిటంటే, ఫోటోలు పోవు, ఫైళ్లు చెడిపోవు. మీరు వెతికే ప్రతి మాటా వాళ్ల చేతుల మీదుగా పోతుంది, వాళ్లు మళ్లించిన ప్రతి మళ్లింపుకూ ఎక్కడో కమీషన్ రాలుతుంది. వస్తువులు ఉన్నచోటే ఉంటాయి, మీరు పోవాలనుకున్న దారి మాత్రం మీది కాకుండా పోతుంది.

ఇది మన పల్లెలకు సంబంధించని సంగతి అనుకునేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే హైజాకర్ గుట్టు బయటపెట్టింది. బీజింగ్‌లోని రాఫోటెక్ అనే ప్రకటనల కంపెనీ దాన్ని నడుపుతోందని, ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లకు అది సోకిందని, అందులో రెండున్నర కోట్లకు పైగా ఇండియాలోనే ఉన్నాయని, అన్ని దేశాల కంటే మనమే ముందున్నామని చెప్పింది. అంత లేదు, లెక్క పెంచి చెప్పారని మైక్రోసాఫ్ట్ ఆ తర్వాత అంది. లెక్క ఎంతదైనా కానీ, అది వచ్చిన దారి గురించి మాత్రం తగాదా లేదు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ తోక పట్టుకుని వచ్చింది.

ఇక మా దగ్గరికి వస్తాను. బెళుగుప్ప వైపు పల్లె నుంచి ఒకామె సీపీయూని పాత తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. కొడుకు బెంగుళూరు పోతూ ఇంట్లో వదిలిన కంప్యూటర్ అది. బ్యాంకులో పంట రుణం తిరగరాయాలంటే భూమి వివరాలుండే 1-బీ కాగితం కావాలన్నారు. కూతురు సర్కారు భూమి రికార్డుల సైటు కోసం ‘మీభూమి’ అని కొట్టి వెతికింది. హైజాకర్ చూపించిన పేజీలో అన్నిటికంటే పైన వచ్చినదాన్ని తెరిచింది. అది ఆధార్ అడిగింది, ఫోన్ నంబరు అడిగింది, ‘సర్వీసు ఫీజు’ అంది. కట్టారు. కాగితం రాలేదు. చూసుకోవడానికి పైసా అక్కర్లేని కాగితం అది.

ప్రోగ్రాముల జాబితాను తేదీ ప్రకారం పేర్చి చూశాను. పాటలు దించుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, అదే రోజు దాని పక్కనే ఎవరూ పిలవని ఇంకో మూడు. ఆ పాటల సాఫ్ట్‌వేర్‌ను నా అంగట్లోని పాత మిషన్ మీద ఎక్కించి ఆమెకు చూపించాను. కిటికీ తెరుచుకుంది. ‘ఎక్స్‌ప్రెస్ - రికమెండెడ్’ అనేది నల్లటి పెద్ద అక్షరాల్లో, ముందే ఎంచి పెట్టి ఉంది. ‘కస్టమ్’ అనేది బూడిద రంగులో, పనిచేయనిదాని మాదిరి కనిపిస్తోంది. దాని మీద నొక్కితే మాత్రం చిన్న గళ్లు తెరుచుకున్నాయి, ప్రతి గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. నా హోం పేజీ మార్చు, నా వెతుకుడు యంత్రం మార్చు, ఫలానా టూల్‌బార్ పెట్టు. “ఇదంతా యాడుంది సామీ మాకు కనపడేకి?” అందామె. న్యాయమైన ప్రశ్న.

మా వీధి ఆంజనేయస్వామి గుడిలో రిటైరైన మాస్టారొకరు శనివారం సాయంత్రాలు గీత చెప్తారు. ఈ కథ ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే మూడో అధ్యాయం తీశారు. తనకు ఇష్టం లేకపోయినా, వెనక ఎవరో మెడబట్టి తోసినట్టు మనిషి తప్పెందుకు చేస్తాడని అర్జునుడు అడిగేది అక్కడే. నా ఖాతాదారులంతా అడిగే ప్రశ్న అదే కదా అనిపించింది. కృష్ణుడి జవాబు అందరికీ తెలిసిందే, కామం, క్రోధం. “ఉచితంగా వస్తుందనే ఆశే నాయనా, ఆ పిల్ల వేలిని ఒత్తించింది” అన్నారు మాస్టారు.

మాస్టారంటే నాకు గౌరవం. అయినా ఈ తీర్పు నాకు మింగుడు పడలేదు. పాటలకు ఆశపడిందనుకుందాం, సరే. 1-బీ కాగితానికి ఆశపడిందంటామా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది, అదీ పడాల్సినప్పుడు పడదు. చెనిక్కాయ ఎండితే బీమా, బీమాకు ఈ-క్రాప్, రుణానికి 1-బీ, అన్నిటికీ ఆధార్. వాన ఎగ్గొట్టిన ప్రతిసారీ మా జనం ఇంకో వెబ్‌సైటు తలుపు తట్టాల్సి వస్తుంది. దీన్ని కోరిక అనడానికి నాకు నోరు రాదు, ఇది అక్కర. హైజాకర్‌కు అక్కరలో ఉన్న మనిషి, ఆశలో ఉన్న మనిషి ఒకటే. ఇద్దరూ తొందరలోనే ఉంటారు. శాస్త్రం చెప్పేవాళ్లయినా తేడా చూడాలి కదా.

ఇంకో ఉదాహరణ కూడా మాస్టారి ముందు పెట్టాను. 2014 చివర్లో లెనోవో కంపెనీ అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఫ్యాక్టరీలోనే ఎక్కించి పంపారు. అది మనం చూసే పేజీల్లోకి ప్రకటనలు చొప్పించేది. బ్యాంకు పేజీలకు కాపలా ఉండే తాళం గుర్తును కూడా నకిలీ చేసి మధ్యలో కూచునేది. 2015 ఫిబ్రవరిలో బయటపడింది. 2017లో అమెరికాలో ఆ కంపెనీ 32 రాష్ట్రాలతో 35 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. కొన్నవాడు ఏమీ ఒత్తలేదు, అట్ట పెట్టె విప్పాడంతే. ఇక్కడ ఎవరి కామం? మాస్టారు నవ్వి “పూర్వజన్మ కర్మ” అన్నారు. ఎగతాళికే అన్నారులే.

వేలు ఎందుకు మోసపోతుందో మా చెరువులో నిలబడి చూస్తే తెలుస్తుంది. నీళ్లుండాల్సిన చోట సర్కారు తుమ్మ అడవిలా లేచింది. అది ఇక్కడి చెట్టు కాదు. అమెరికా ఖండాల నుంచి వంటచెరుకు కోసం 1870లలో తెల్లదొరలు తెప్పించారు, మొదట నాటింది పక్కనే కడప జిల్లా కమలాపురంలో అంటారు. దాని కాయ తియ్యగా ఉంటుంది. మేక తినేది కాయ కోసం, కడుపులో మోసేది గింజను. ఎక్కడ పెంటిక వేస్తే అక్కడ కంప మొలుస్తుంది. మేకకు గింజ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, అది కాయకే ఒప్పుకుంది. పాటల సాఫ్ట్‌వేర్ కాయ, టూల్‌బార్ గింజ. పైపైన నరికితే కంప మళ్లీ చిగురిస్తుందని, వేరు మొదలుతో తవ్వాలని మా వైపు ఏ రైతునడిగినా చెప్తాడు. నా పనీ అంతే.

మూడో అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది, మాస్టారు దాటిపోబోతే నేను ఆపి అడిగాను. జ్ఞానాన్ని కామం కప్పడం మూడు రకాలట: నిప్పును పొగ కప్పినట్టు, అద్దాన్ని మురికి కప్పినట్టు, పిండాన్ని మావి కప్పినట్టు. పొగ గాలి వీస్తే పోతుంది, అద్దాన్ని తుడవాలి, మావికి మాత్రం కాలం రావాలి. ఇది విన్నాక నా పనిని కూడా ఆ మూడు మెట్లుగానే చూస్తున్నాను.

పొగలాంటివి నోటిఫికేషన్లు. ‘నువ్వు రోబోవి కాదని నిరూపించడానికి అలౌ నొక్కు’ అంటే నొక్కినవి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ల అనుమతుల దగ్గరికి పోయి తీసేస్తే నిమిషంలో పోతాయి.

తుడవాల్సినది ఎక్కువ. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో పిలవని ప్రోగ్రాములను తీసెయ్యాలి. తర్వాత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడాలి, గుర్తుపట్టనిది ఏదున్నా ఉంచకూడదు. ఆపైన చాలామంది చూడని చోటు ఒకటుంది. డెస్క్‌టాప్ మీది క్రోమ్ బొమ్మ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. ‘టార్గెట్’ అనే గడిలో క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ అని ఉండి, కొటేషన్ గుర్తు మూసుకున్నాక ఒక ఖాళీ వదిలి, ఎవరిదో వెబ్ చిరునామా అతికించి ఉంటుంది. సెట్టింగ్స్ అన్నీ సరిగ్గానే ఉన్నా తెరిచినప్పుడల్లా ఆ పేజీయే వస్తుందంటే కారణం చాలాసార్లు అదే. దాన్ని చెరిపాక టాస్క్ షెడ్యూలర్ చూడాలి, మనం తీసేసినదాన్ని రోజూ పెట్టి పోయే పని అక్కడ దాక్కుని ఉండొచ్చు. మాల్వేర్‌బైట్స్ వాళ్ల ఏడీడబ్ల్యూ క్లీనర్ ఉచితం, వాళ్ల సొంత సైటు నుంచే దించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రలోనూ ఉచిత పనిముట్లు ఉన్నాయి. చివర్లో బ్రౌజర్‌ను రీసెట్ చేయడం.

బెళుగుప్ప ఆమె కంప్యూటర్‌లో ఇంకోటి కనిపించింది. క్రోమ్ మెనూ అడుగున ‘మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది’ అనే అర్థమొచ్చే వరుస. ఆ ఇంట్లో తల్లీ కూతురూ తప్ప ఇంకెవరూ లేరు. సంస్థ ఎక్కడిది? హైజాకర్ విండోస్ రిజిస్ట్రీలో యజమాని పేరుతో ఆజ్ఞలు రాసి పెట్టింది, అందుకే ఎక్స్‌టెన్షన్ తీసేద్దామంటే తీసే బొత్తామే పనిచేయడం లేదు. ఇంట్లో ఇంటివాళ్లే కౌలుదారులయ్యారు.

ఇక మావి దశ. ఏం చేసినా పోకపోతే ఫార్మాట్ కొట్టడమే. హార్డ్ డిస్క్ మొత్తం తుడిచి విండోస్ కొత్తగా ఎక్కిస్తాం. ఒకసారి అట్లా చేసి పంపిన కంప్యూటర్ ఒకటి, ఇంట్లో జీమెయిల్‌తో క్రోమ్‌లోకి పోగానే పాత ఎక్స్‌టెన్షన్‌తోనే లేచి కూచుంది. సింక్ అనే సదుపాయం ఎక్స్‌టెన్షన్లను ఖాతాలో దాచి, కొత్త యంత్రంలోకి మోసుకొస్తుంది. పూల వాసనను గాలి మోసుకుపోయినట్టు జీవుడు పాత ఇంద్రియాలనూ మనసునూ కొత్త దేహానికి తీసుకుపోతాడని పదిహేనో అధ్యాయంలో విని తలాడించినవాళ్లమే, దాన్ని కళ్లారా చూసింది మాత్రం అప్పుడే. దేహం కాలింది, వాసన కాలలేదు. అందుకే ఇప్పుడు ఫార్మాట్ కంటే ముందు ఖాతాలోని సింక్ సమాచారం చెరిపేయిస్తున్నాను.

తిరిగి మొదటి ప్రశ్నకు వస్తాను. జవాబు నాకు దొరికింది మూడులో కాదు, పద్దెనిమిదో అధ్యాయంలో. ఏ పనికైనా కారణాలు ఐదంటాడు కృష్ణుడు. ఆధారమైన శరీరం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల కదలికలు, ఐదోది దైవం. ఐదు ఉండగా నేనొక్కణ్నే చేశానని అనుకునేవాడికి చూపు సరిగా లేదని కూడా అంటాడు. ఈ మాటను జనం సాధారణంగా గర్వం అణచడానికి వాడతారు, నేను నింద తగ్గించడానికి వాడతాను. ఆ పిల్ల ఐదింట్లో ఒకటి. ఆమె కళ్లు పనిముట్లు. ఆ కళ్లకు ‘కస్టమ్’ కనపడకుండా బూడిద రంగు పూసినవాడు పనిముట్టునే వంచాడు, కాబట్టి ఆ వేలిలో వాడి వేలూ ఉంది. ఇక దైవం అంటే మా దగ్గర వానే.

అయితే ఐదుగురిదీ తప్పు కాబట్టి ఎవరిదీ కాదని చేతులు దులుపుకోవడాన్ని కూడా నేను ఒప్పుకోను. బీజింగ్‌లో ఉన్నవాణ్ని నేను అడ్డుకోలేను, వానను పిలవలేను. నెక్స్ట్ ఒత్తే ముందు ఒక్క క్షణం ఆగి చదవడం మాత్రం మన ఇంట్లో జరిగే పని. ఏటా ఆయుధపూజకు మానిటర్‌కు కుంకుమ పెట్టి, సీపీయూ మీద నిమ్మకాయ పెట్టి, లోపల ఎక్స్‌టెన్షన్ల జాబితా ఒక్కసారి కూడా తెరవని ఇళ్లు నాకు చాలా తెలుసు. కుంకుమ వద్దని నేననను, జాబితా కూడా తెరవమంటాను.

చదివేవాళ్లకు నా మనవి ఇది. ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలంటే తయారు చేసినవాళ్ల సైటుకే పోండి, క్రాక్ చేసిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి, ఎప్పుడూ ‘కస్టమ్’ ఎంచి గళ్లలో టిక్కులు తీసేయండి. భూమి కాగితాల కోసం వెతకొద్దు. మీభూమి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని పై గడిలో మీరే టైపు చేసి బుక్‌మార్క్ పెట్టుకోండి, లేదా మీ గ్రామ సచివాలయానికి పోండి. డబ్బు పోయిందంటే సిగ్గుపడి కూచోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పిల్లలు ఒత్తి ఉంటే వాళ్లను తిట్టకండి, పక్కన కూచోబెట్టుకుని ఆ గళ్లు చూపించండి.