పడవను కట్టు వేళ, విడుచు వేళ



దసరా వెళ్లి దీపావళి రానున్న దినములలో మన కోస్తా పల్లెలయందు ఒక అలవాటు కలదు. ఉదయమున తలుపు తీసినవాడు ముందుగా సముద్రమును చూచును. తరువాతనే ఇంటివారితో మాటలాడును. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల నెలలని అతనికి ఎవరును నేర్పనక్కరలేదు. ఈ కాలమునందే ఒక పాత ప్రశ్న మరల మన మధ్యకు వచ్చును. తుపాను వచ్చుచుండగా మనుష్యుడు తన పడవయొద్ద నిలువవలెనా, దానిని విడిచి పోవలెనా?

సముద్రమునకు దూరముగా నివసించువారికి ఇది ప్రశ్నగానే తోచదు. ప్రాణముకంటె పడవ గొప్పదా అని వారు వెంటనే అందురు. ఆ మాట సత్యమే. మేమును చాలకాలము దానినే చెప్పితిమి. అయితే సత్యమైన మాట చెప్పినంతమాత్రమున చెప్పినవాని పని తీరిపోవునా? ఈ మాసము దీనిని గూర్చియే మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

మొదట, పడవ అనగా ఏమి? మన తాతల నాటి తెప్ప కొన్ని దుంగలను త్రాళ్లతో కలిపి కట్టినది. గాలి పెరిగినప్పుడు త్రాళ్లు విప్పి, దుంగలు విడదీసి, మెరకకు మోసికొని పోవుటకు వీలుండెడిది. ఆనాటి నావయు మేకులు లేక, కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టినదే. అల కొట్టినప్పుడు విరిగిపోక కొంత వంగెడిది. నేటి ఫైబరు పడవ అట్టిది కాదు. దానికి ఇంజను కలదు, నైలాను వలలు కలవు, వీటన్నిటికి లక్షల రూపాయల అప్పు కలదు. యజమాని ఒక్కడే అయినను దానిమీద బ్రతుకువారు నాలుగైదు ఇండ్లవారు. పట్టిన చేపలో పడవకు పాలు, వలకు పాలు, మనుష్యులకు తలకొక పాలు పోవును. ఆ చేపను గంపలో మోసి ఊరూర అమ్ముకొను విధవరాలి కూడును అందులోనే యున్నది. వరద తీసిన తరువాత రైతు తన భూమిని మరల చూచుకొనగలడు. పడవ పోయిన జాలరికి మిగులునది అప్పు పత్రము మాత్రమే. కాబట్టి పడవను కాచుకొనువానిని లోభి యని పిలుచుటకు మనము తొందరపడకూడదు.

పడవను కాపాడుట ఒక విద్య. దానిలో మొదటి పాఠము ముందుగా చేయుట. వాతావరణ శాఖవారు హెచ్చరికలను మెట్టుమెట్టుగా పంపుదురు. తీరమున కీడు కలుగునని తోచినప్పుడు 72 గంటల ముందు తొలి సూచనయు, 48 గంటల ముందు జాగ్రత్త కబురును, 24 గంటల ముందు గట్టి హెచ్చరికయు వచ్చును. రేవులలో ఎత్తు సూచికలు 1 మొదలు 11 వరకు కలవు. 8, 9, 10 అనునవి మహా ప్రమాదమును తెలుపును. 11వది వార్తలు వచ్చు దారియే తెగిపోయెనని తెలుపును. అంకె చిన్నదిగా నున్నప్పుడే చేయవలసిన పని యంతయు చేయవలెను. ఇంజను విప్పి, వలలతోకూడ మెరకనున్న ఇంటికి చేర్చవలెను. పడవను ప్రతిదినపు అల అందు గీతకు కాదు, ఉప్పెన నీరు అందు గీతకు పైగా లాగవలెను. ఖాళీ పడవను గాలి దొర్లించును గనుక దానిలో ఇసుక బస్తాలు వేసి, ముందును వెనుకను మోకులతో చెట్లకు కట్టవలెను. ఉప్పుటేరు గాని మడ అడవుల కాలువ గాని దగ్గరనున్నవారు పడవలను అందులోనికి తీసికొని పోవుదురు. ఆ చెట్లు అల బలమును తగ్గించును. హార్బరులోని మరపడవలను ఒకదానికొకటి ఎడముగా నిలిపి, ప్రక్కలకు పాత టైర్లు వ్రేలాడగట్టవలెను. గాలి విరువని పడవను పొరుగు పడవ విరుచును. నీటిలో నిలిపిన పడవకు త్రాడు మరీ బిగువుగా నుండకూడదు. నీరు పైకి లేచినప్పుడు పొట్టి త్రాడు పడవను క్రిందికి పట్టి ముంచివేయును.

రెండవ పాఠము కలిసి చేయుట. ఫైబరు పడవను ఇసుకమీద మెరకకు లాగుటకు పదిమంది భుజములు కావలెను. తన పడవను లాగించుకొని, పొరుగువాని పడవ వంతు వచ్చినప్పుడు ఇంటికి పోవువాడు పల్లెలో నుండదగినవాడు కాడు.

“అంతయు దేవుని చిత్తము, ఆయన ఉంచదలచిన పడవ కట్టకున్నను నిలుచును” అని చెప్పువారు కొందరు మనలో కలరు. అట్టివారు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును నిదానముగా చదువవలెను. పౌలు ఖైదీగా ఎక్కిన ఓడ పెనుగాలిలో చిక్కుకొనెను. ఓడవారు త్రాళ్లు తీసికొని ఓడ చుట్టు బిగించి కట్టిరి, సరకులు పారవేసిరి, రాత్రివేళ వెనుకనుండి నాలుగు లంగరులు వేసిరి. ఎవరి ప్రాణమును పోదని దేవదూత పౌలుతో చెప్పిన తరువాతనే ఆ లంగరులు పడినవి. వాగ్దానము కలదు గనుక లంగరు ఎందుకని పౌలు అనలేదు. విశ్వాసము వదులు త్రాటికి సాకు కాదు.

అయితే విడుచు వేళయు కలదు. మన దేశమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా సుడి తిరుగును. మన తూర్పు తీరమున తుపాను దాటు చోటికి ఉత్తరపు ప్రక్కనున్న పల్లెలమీదికి గాలి సముద్రమునుండి నీటిని త్రోసికొని వచ్చును. తుపాను నడిమి భాగము, అనగా దాని కన్ను, మీదుగా పోవు చోట కొంతసేపు గాలి ఆగిపోవును. అంతవరకు ఉత్తరమునుండి కొట్టిన గాలి ఆ తరువాత దక్షిణమునుండి కొట్టును. తుపాను తీరెననుకొని పడవను చూచుటకు తీరమునకు దిగినవాడు ఆ రెండవ గాలికి చిక్కును. 1977 నవంబరు 19న దివిసీమమీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. 1996 నవంబరు 6న గోదావరి జిల్లాల తీరమున వెయ్యిమందికి పైగా పోయిరి; వారిలో అనేకులు సముద్రముమీదనుండిన జాలరులు. ఈ రెండు తారీఖులు తెలిసినవాడెవడును గాలి యెదుట పడవను పట్టుకొని నిలువుమని ఎవరికిని చెప్పలేడు.

ఇంతవరకు చెప్పినది కష్టము కాదు. కష్టమైనది ఇక చెప్పవలెను.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేము విశాఖపట్నమునకు ఉత్తరముగా ఒక చిన్న సంఘమును కాయుచుంటిమి. అక్టోబరు 12, ఆదివారమున అది తీరము దాటెను. ముందటి సాయంకాలమునకే పల్లెవారు మెరకనున్న బడికి చేరిరి. ఒక్క మనుష్యుడు మాత్రము ఇసుకమీద తన పడవ ప్రక్కన కూర్చుండెను. ఆయన బిడ్డకు జబ్బుచేయగా మూడు దినములు పట్టణపు ఆసుపత్రిలో నుండి, ఆలస్యముగా వచ్చెను. అప్పటికి మంచి చెట్లన్నియు ఇతరుల పడవలకు పోయినవి. ఆయన పడవ పల్లమున, ఒక చిన్న సరుగుడు చెట్టునకు కట్టబడెను.

మేము వెళ్లి, ప్రాణముకంటె పడవ గొప్పది కాదని చెప్పితిమి. ఆయన పలుకలేదు. చీకటి పడిన తరువాత మరల వెళ్లి, భార్యాబిడ్డల పేరు ఎత్తి, గొంతు పెంచి చెప్పితిమి. అప్పుడాయన తల యెత్తి, “అయ్యగారూ, పడవ పోతే వడ్డీ ఎవరు కడతారు? మీరు కడతారా?” అని అడిగెను.

మాకు జవాబు లేకపోయెను. మా ఇల్లు మెరకనున్నది. దాని కప్పు సిమెంటుది. నెల తిరుగగానే మాకు జీతము వచ్చును. పడవ పోయినను ఉండినను మా కుండలోని బియ్యము తరుగదు. మేము చెప్పిన మాట సత్యమే గాని, దానిని చెప్పుటకు మేము ఒక్క పైసయు ఖర్చుపెట్టలేదు. దానిని వినుటకు ఆయన తన సర్వస్వమును పెట్టవలసి యుండెను.

ఆ వానలోనే ఆయన పొరుగు పడవ యజమాని, అక్షరము రాని వృద్ధుడు, గోనెసంచి కప్పుకొని వచ్చెను. ఆయన వాక్యము చెప్పలేదు. “లేవరా అల్లుడూ. నీది పోయి నాది ఉంటే, నీకు మళ్లీ పడవ వచ్చేదాకా నా పడవ పాలులో సగం నీది. నాది పోయి నీది ఉంటే నువ్వు నాకు అట్లాగే ఇయ్యి. రెండూ పోతే ఇద్దరం కూలికి పోదాం. లే” అనెను. ఆ మనుష్యుడు లేచెను. మేము మువ్వురము బడికి నడిచితిమి.

తుపాను వెలిసిన తరువాత చూడగా ఆయన పడవ రెండు ముక్కలై సరుగుడు తోటలో పడియుండెను. వృద్ధుని పడవ ఒక చిల్లితో మిగిలెను.

ఈ కథ ఇక్కడ ముగిసిన బాగుండునని మీకు తోచవచ్చును. మాట ఇచ్చుట ఒక రాత్రి పని. నిలుపుకొనుట నెలల పని. మూడవ నెలకు వృద్ధుని కుమారులు సణుగసాగిరి. “మా నాన్న మాట మా నోటి కూడు తీసింది” అనిరి. ఆ సణుగు మాయొద్దకే వచ్చెను గనుక మేమెరుగుదుము. అప్పుడు వృద్ధుడు మమ్మును చూచి, “అయ్యగారూ, ఆ రాత్రి మీరూ పిలిచారుగదా, మీదీ ఒక పాలు వెయ్యకూడదా?” అని మెల్లగా అడిగెను. కోతపండుగ కానుకలలోనుండి ఆ మనుష్యుని వడ్డీకి కొంత ఇయ్యవలెనని మేము సంఘపెద్దలతో చెప్పితిమి. ఆయన మన సంఘస్థుడు కాడుగదా అని ఇద్దరు అభ్యంతరపెట్టిరి. అలయు మన సంఘపు పట్టీ చూచి కొట్టలేదని వేరొక పెద్ద చెప్పగా వారు ఊరకుండిరి. మూడు నెలల వడ్డీ కట్టబడెను. అది పెద్ద మొత్తము కాదు. అయినను ఆ రాత్రి ఇసుకమీదనే మేము చెప్పియుండవలసిన మాట అది. మేము ఆలస్యముగా, ఒక వృద్ధుడు అడిగినందున మాత్రమే చెప్పితిమి. దీనిని దాచుకొనుట మంచిది కాదని ఇక్కడ వ్రాయుచున్నాము.

ఒకరు ఇట్లు అడుగవచ్చును: నష్టములో పాలు ఇత్తుమని ముందుగానే చెప్పినయెడల మనుష్యులు సోమరులై త్రాళ్లు బిగించుట మానరా? ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే పల్లెలో మేము చూచినది దీనికి ఎదురుగా నున్నది. నీ నష్టములో పాలుగలవాడు నీ త్రాడును వచ్చి చూచును. ఆ మరుసటి సంవత్సరము ఆ వృద్ధుడు తన పడవ కట్టుకొనకముందే ఆ మనుష్యుని క్రొత్త పడవ ముడులు లాగి చూచెను. ఎవరి పడవ వారిదే అనుకొను చోటనే త్రాడు వదులుగా నుండును, చెట్లు ముందుగా వచ్చినవానికి పోవును.

మరల పౌలు ఓడకు వత్తము. ఓడ పోవును గాని ప్రాణములు పోవని ఆయన అందరి యెదుట చెప్పెను. వారు ఆ మాట వినిరి. మేము ఆ సంగతిని అనేకసార్లు ప్రసంగించితిమి గాని, ఒకటి గమనింపలేదు. పౌలు ఆ మాటను గట్టునుండి కేకవేయలేదు. ఆయనయు ఆ ఓడలోనే యుండెను. పదునాలుగు రాత్రులు వారితోకూడ తడిసెను. ఓడవారు చిన్న పడవ దింపుకొని తాము మాత్రము తప్పించుకొనజూచినప్పుడు ఆయన శతాధిపతిని హెచ్చరించెను. సైనికులు ఆ పడవ త్రాళ్లు కోసివేసిరి. చివరకు ఓడ బ్రద్దలైనప్పుడు 276 మందియు ఈది గాని పలకలు పట్టుకొని గాని ఒడ్డు చేరిరి. వారందరితో కలిసి నష్టపడుటకు సిద్ధముగా నున్నవాడే ఓడ పోవునని చెప్పెను. కాబట్టి ఆ మాటకు బరువు కలిగెను.

కావున మన ప్రశ్నకు మేము ఇయ్యగల జవాబు ఇది. పడవను కట్టు వేళ కలదు. ఆ వేళ దానిని కట్టుట ధర్మము. విడుచు వేళ కలదు. ఆ వేళ దానిని విడుచుట ధర్మము. అయితే విడువుమని చెప్పువాడు, విడిచినవాని నష్టములో తన పాలు ఎంతయో అదే నోటితో చెప్పవలెను. అట్లు చెప్పనివాడు సగము సత్యమే పలికినవాడగును.

తుపానుల కాలము రాకముందే ప్రతి పేటలోను పెద్దలు కూర్చుండి మోకులను లెక్కించుడి. ఎవరికి చెట్టు దొరకదో, ఎవరి ఇంట లాగుటకు మగపిల్లలు లేరో, ఎవరి ఇంట రోగి యున్నాడో విచారించి, వారి పడవను మొదట లాగుడి. పోయినవానికి మిగిలినవాడు ఇచ్చు పాలు ఎంతయో సాక్షుల యెదుట పలికికొనుడి. పడవలు లేని మనము, అనగా పాదిరులము, ఉపాధ్యాయులము, దుకాణదారులము, ఆ కూటమునుండి తప్పించుకొనకుండ మన పాలును పలుకుదము.

మన నోటిమాట వెంట మన చేయియు పోవునట్లు దేవుడు మనకు సహాయము చేయునుగాక.