కనిపించనిది లేనట్టేనా?

కనిపించలేదు కాబట్టి లేదు అనవచ్చా? భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, జ్ఞానానికి ఆరో ప్రమాణంగా ఒప్పుకున్నారు. నేల మీద కుండ కనబడకపోతే అక్కడ కుండ లేదని తెలుస్తుంది. అయితే ఒక షరతు పెట్టారు: ఉంటే కనబడి తీరవలసిన వస్తువు విషయంలోనే ఈ మాట చెల్లుతుంది. చీకట్లో కుండ కనబడలేదని కుండే లేదనకూడదు. ఈ వాదానికి ప్రాణం ఆ షరతులోనే ఉంది. ఆ వాదం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో మాత్రిక (సంఖ్యల పట్టిక) ర్యాంకు, అంటే అందులోని స్వతంత్రమైన వరుసల సంఖ్య, లెక్క కట్టి చూపిస్తుంది.

నాలుగు గళ్లలో నాలుగు సంఖ్యలు దాచారనుకుందాం. అడ్డువరుసల మొత్తాలు 5, 5. నిలువువరుసల మొత్తాలు 4, 6 అని మాత్రమే చెప్పారు. పై వరుసలో 1, 4, కింద 3, 2 ఉండవచ్చు. పైన 2, 3, కింద 2, 3 ఉన్నా మొత్తాలు మారవు. ఎదురెదురు మూలల్లోని రెండింటికీ ఒక్కొక్కటి కలిపి, మిగతా రెండింటి నుంచీ ఒక్కొక్కటి తీసేస్తే ఆ మార్పు ఏ మొత్తంలోనూ బయటపడదు. అలా బయటపడని మార్పులన్నీ చేరే చోటే శూన్యాంతరాళం. సాక్ష్యాలు నాలుగైనా స్వతంత్రమైనవి మూడే, ఎందుకంటే అడ్డు మొత్తాల కూడిక, నిలువు మొత్తాల కూడిక ఒకటే కావాలి. ఏ మొత్తంలో ఏ గళ్లు చేరతాయో చూపే మాత్రికకు అందుకే ర్యాంకు 3. తెలియాల్సినవి 4, తెలిసేది 3, తెలియకుండా మిగిలేది 1. ఆ రెండు కూడికలూ సరిపోలకపోతే సాక్ష్యాల్లో ఎక్కడో తప్పుందని కూడా ఈ లెక్కే పట్టిస్తుంది. ఈ కొలతల్లో తేడా రాలేదని గళ్లలో తేడా లేదనడం, చీకట్లో కుండ లేదనడమే.

అలాగైతే కనబడని చోట ఎవరికి తోచింది వారు నింపుకోవచ్చు కదా అని ఆక్షేపించవచ్చు. కుదరదు. శూన్యాంతరాళంలో దాగినదాన్ని ఆ కొలతలతో ఖండించలేం, రుజువూ చేయలేం. పైగా ఆ లెక్క అక్కడ ఏ మార్పు దాగగలదో కచ్చితంగా చెబుతుంది. ఒక కర్ణం మొత్తం కూడా కొలిస్తే ర్యాంకు 4 అవుతుంది, ఆ దాపరికం పోతుంది. లోకం మాత్రిక కాదు కదా అన్నది రెండో ఆక్షేపణ. నిజమే, మనిషి ఇంద్రియాలకు ర్యాంకు కట్టలేం. కానీ కనబడనిదల్లా లేదనే సాధారణ సూత్రాన్ని కూల్చడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలు, నాలుగు గళ్లు ఆ పని చేశాయి.

ఆస్తికుడైనా నాస్తికుడైనా, కనబడలేదు అనే మాటను రుజువుగా వాడే ముందు, ఉంటే నా కొలతకు అందేదేనా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. అవునని చెప్పలేనప్పుడు, తెలియదు అనడమే నిజాయితీ.